నడుము మీద చెయ్యి

ఆ ఆదివారం గల్ఫ్‌లో, కరామా వెళ్లే బస్సులో నా పక్క సీటాయన ఒకే వీడియో పదోసారి చూస్తున్నాడు. అందులో గబ్బిలం రెక్కల్లా విచ్చుకునే వింగ్‌సూట్ తొడుక్కున్నవాడెవడో కొండ అంచు నుంచి దూకి, రాళ్లకు తగిలీ తగలకుండా ఎగురుతున్నాడు. నేను బిల్డింగ్ సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్ని. వారమంతా పైకెక్కే కూలీలతో "నడుము బెల్టుకి హుక్ పెట్టుకోండిరా" అని అరిచి గొంతు పోయినవాణ్ణి. సెలవు రోజు కూడా ఇదే గోలా?

"గాలి కాస్త అటూ ఇటూ అయితే వాడు ఖలాస్," అన్నాను విసుగ్గా.

"నేను ఇరవయ్యో అంతస్తు అద్దాలు బయటికెల్లి తుడుస్త సార్. తాడున్నా, హుక్కున్నా దినాం వణుకుడే. గీనె సూడుండ్రి, నవ్వుకుంట దునుకుతుండు!"

బస్సు గట్టిగా బ్రేకు వేసింది. ఆయన ఫోన్ వదిలేసి, నడుము దగ్గర లేని హుక్ కోసం తడుముకున్నాడు.

"ఇది బస్సయ్యా, ఇక్కడ హుక్కెక్కడిది!" అని కసరబోయాను. అప్పటికే నా చెయ్యీ నా నడుము మీదే ఉంది.