బూడిదలో అడుగులు

మేముండే అపార్ట్‌మెంటు మేడ మీద నీళ్ల ట్యాంకుకు మరమ్మతు జరుగుతోంది. మొన్న పొద్దున మా సెక్రటరీ నన్ను పైకి పిలుచుకుపోయి, సిమెంటు దుమ్ములో పడ్డ అడుగులు చూపించాడు. "సార్, చిరుతపిల్ల గాదు గదా? బోను పెట్టేటోళ్లకు ఫోన్ కొట్టాల్నా?" అన్నాడు. మా ఇంట్లో మగవాళ్లకు వంగే అలవాటు లేదు. ఇప్పుడు నడుం కూడా అందుకు ఒప్పుకోదు. నిలబడే చూశాను. అడుగుకు ఐదు వేళ్లు. పక్కనే బొప్పాయి గింజలు కలిసిన పెంటిక. మానుపిల్లి, రాత్రిపూట చెట్లెక్కి పండ్లు తినే అడవిజీవి. ఈ అల్వాల్‌లో, ఇన్ని ఇళ్ల మధ్య, ఎక్కడ తలదాచుకుంటోందో పాపం. ఆ దుమ్ము చూస్తే మా మేనత్త జల్లెడ గుర్తొచ్చింది.

అల్వాల్ దాటితే బండరాళ్లూ సీతాఫలం పొదలే ఉన్న రోజుల్లో అక్కడ మాకొక ఇల్లుండేది. పదహారు గదుల్లో పదింటికి తాళాలే. తాతగారి వేట తుపాకులు ఎప్పుడో వెళ్లిపోయాయి. వాటిని తగిలించిన మేకులు గోడకు మిగిలాయి. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్త, దీపాలు పెట్టే వేళకు పొయ్యిలోని బూడిద జల్లించి ఇంటి చుట్టూ పల్చగా చల్లేది. తెల్లారగానే నన్ను వెంటేసుకుని ఆ బూడిదను చదివేది. "గిది కుందేలు, ఉరికింది. గిది నక్క. జూడు, నీ లెక్కనే నీల్గుకుంట పోయింది." ముళ్లపంది ముల్లు దొరికితే నా చెవి మీద పెట్టేది. ఇంటికి ఎవరొచ్చి వెళ్లారో తెలుసుకోవడం ఇంటివాళ్ల ధర్మం అనేది. మనుషులు రావడం అప్పటికే తగ్గిపోయింది.

నాకు పదేళ్లప్పుడు నాన్న ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు చూడ్డానికి వస్తాడన్న పొద్దున, అత్త బూడిద ముందు కూర్చుని పిడికిలితో, వేళ్ల కొసలతో చిరుత అడుగులు వేసింది. వెనక వాకిలి నుంచి బావి దాకా, అచ్చం చిరుత నడిచినట్టే. "గివి జూస్తే ఆయన పెండ్లాం ఒక్కదినం సుత ఈడ ఉండదు," అని నవ్వుకుంటూ స్నానానికి వెళ్లింది. మా ఇంటికొచ్చే చిరుత అంత సాదాగా ఉండటం నాకు నచ్చలేదు. వేపపుల్ల తీసుకుని ప్రతి అడుగుకూ నాలుగు గోళ్లు గీశాను.

కొనేవాడు చిన్నప్పుడు మేకలు కాశాడట. వంగి చూసి, మర్యాదగానే అన్నాడు: "అమ్మా, చిరుత గోర్లు లోపలికి గుంజుకొని నడుస్తది. గిదేందో జెర కొత్త రకముంది." నాన్న ముఖం నల్లబడింది. అత్త నా చేతిలోని పుల్ల చూసింది. "నేనే గీసిన. ముసలిదాన్నయితున్న, యాది తప్పింది," అంది. ఏ అడుగు ఎవరిదో ఒక్కనాడూ పొరబడని మనిషి. నేను నోరు విప్పలేదు. ఆ నెలలోనే తాళాలు అప్పగించాం. అత్త పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దాన్ని పరువు అనుకున్నాను.

"ఏందంటరు సార్?" అన్నాడు సెక్రటరీ.

"పిల్లి. మామూలు పిల్లి."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి రోజూ ఎవరూ మేడెక్కకముందే వెళ్లి ఆ అడుగులు ఊడుస్తున్నాను. మా వంశంలో చీపురు పట్టిన మొదటి మగవాణ్ణి నేనే అయి ఉంటాను. నడుం పట్టేస్తుంది. మర్నాటికి మళ్లీ దుమ్ము, మళ్లీ అడుగులు. వంగడం నేర్చుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది; అప్పటికి, చూడవలసిన మనిషి లేదు.