బండిని అనుమానించలేని మనిషి

“బండి నడపడం వచ్చా?”

దుమ్ము రోడ్డు పక్కన సంచి మీద కూర్చుని చెప్పులో దూరిన రాయి తీసుకుంటుంటే, పాత జీపు ఆపి ఒకాయన నన్నడిగిన మొదటి మాట అది. ఎక్కడికని అడగలేదు. ఇంతకుముందు దారిలో బండెక్కించుకున్నవాళ్ళు నన్ను చాలా అడిగారు: పిల్లలెందరు, ఈ వయసులో ఇదేం తిరుగుడు, ఇంట్లో వెళ్ళగొట్టారా అని. స్టీరింగే చేతికిచ్చేసినవాడు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

“వచ్చు. ఏం?”

“అయితే ఇటు రండి. నా చేతులు బాగాలేవు.”

చూస్తే కట్టు లేదు, వాపు లేదు. నల్లగా, మొరటుగా, డ్రైవరు చేతుల్లాగే ఉన్నాయి. నేను సీటెక్కాను. ఆయన పక్కకు జరిగి, చేతులు తొడల కింద దాచుకుని కూర్చున్నాడు.

రోడ్ల శాఖలో ఆయన ఉద్యోగం చేసిందంతా ఈ జీపు మీదే. ఆఫీసువాళ్ళు పాతసామాను కింద అమ్మేస్తే తనే కొనుక్కున్నాడు. ఇప్పుడు దీంట్లోనే కొండ మీది ఊళ్ళకు మనుషుల్నీ మూటల్నీ చేరవేస్తున్నాడు. రంగు వెలిసింది గానీ అద్దం మీద చిన్న మరక లేదు.

“ఒక్కనాడు నాకు ఎదురు చెప్పలేదండీ ఇది.”

“మీ ఆవిడో?”

“ఆవిడ చెప్పని రోజు లేదు,” అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “ఈ చేతుల సంగతి ఆవిడకి తెలీదు. ఎవరికీ తెలీదు. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ఆయనా డ్రైవరే. ముందు స్టీరింగు దగ్గర, తర్వాత గ్లాసు దగ్గర చేతులు వణికాయి. చివరికి అమ్మే ముద్దలు చేసి పెట్టేది. ఇప్పుడు నాకు. స్పీడందుకుంటే చాలు, చేతులు దడదడలాడతాయి. బండి దిగాక టీ తాగబోతే సగం చొక్కా మీదే.”

“డాక్టరుకు చూపించారా?”

“ఆయన ఔనంటేనో?”

ఆయన కూతురు ఈమధ్యే పురుటి నుంచి లేచింది. మనవణ్ణి ఒళ్ళో పెట్టబోతే ఈయన చేతులు వెనక్కి తీసుకున్నాడట. ‘నా బిడ్డను ఎత్తుకుంటే అరిగిపోతావా నాన్నా?’ అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“జారవిడుస్తానేమోనని భయమండీ. అది ఆవిడతో అనలేను, పిల్లతో అనలేను. ఇవాళ ఇంక పిల్ల ఊరెళ్ళి చెప్పేసి, బండి అల్లుడికిచ్చి, బస్సెక్కి వచ్చేస్తాను.”

సముద్రయానాల పుస్తకాలు నేను మోపులకొద్దీ చదివాను. నావ దారి తప్పితే అందరూ గాలినో, చుక్కల్నో, తెరచాపనో తిట్టేవాళ్ళే. నావను వదిలేసి తన చేతుల్నే తిట్టుకున్నవాడు వాటిలో ఒక్కడూ కనబడలేదు. ఆ సంగతే ఆయనతో అనబోతున్నాను. చదును రోడ్డొచ్చింది, వేగం పెంచాను, ముందు చక్రం చిన్న గుంటలో పడింది.

అంతే. స్టీరింగు పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. నా మోచేతులు, భుజాలు, ఆఖరికి కళ్ళజోడు కూడా దానితోపాటే ఊగాయి. బ్రేకు మెల్లగా నొక్కి, వేగం బాగా తగ్గించాక గానీ సద్దుమణగలేదు.

ఆయన నా చేతులకేసి నోరు తెరిచి చూస్తున్నాడు.

“అయ్యో,” అన్నాడు ఎంతో జాలిగా, “మీకూ ఉందా?”

“ఏముంది నాకు?”

“ఈ జబ్బు.”

“జబ్బు నాకు కాదు మహానుభావా, మీ స్టీరింగుకి!”

“దాన్నేం అనకండి,” అని మొహం అటు తిప్పుకున్నాడు. కాసేపటికి చేతులు తొడల కిందినుంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మెల్లగా నడుపుకుంటూ ఊరి మొదట్లో ఉన్న మెకానిక్ షెడ్డుకు చేర్చాను. మెకానిక్ ఈయన్ని ఎరిగినవాడే. జీపు కిందికి దూరి, నన్ను స్టీరింగు అటూ ఇటూ కదపమన్నాడు.

“బాబాయ్, ఈ మధ్య బండి కింద తొంగిచూశావా?”

“నడుం వంగడం లేదురా.”

“పైన అద్దాలు తుడుచుకుంటూ కూర్చో మరి! చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ లేదూ, దాని చివర కీలు అరిగి లొడలొడలాడుతోంది. రబ్బరు తొడుగు చిరిగి ఇసకంతా లోపలే ఉంది. ఇంకా నయం, ఊడి రాలేదు.”

“మరి గ్లాసో? గ్లాసు పట్టుకున్నా వణుకుతున్నాయి కదరా!”

“పొద్దస్తమానం దీంతో కుస్తీ పడితే వణకవా? చూపించూ... అబ్బో, అరచేతుల్లో బొబ్బలు కూడానా! రెండ్రోజులు చేతులకు సెలవివ్వు బాబాయ్. తగ్గకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా.”

కొత్త కీలు వేశాక ఆయన నన్ను దింపేసి, తనొక్కడే జీపు తీసుకుని ఆ గుంట దాకా వెళ్ళొచ్చాడు. ఈసారి స్టీరింగు ఊగలేదట. దిగినవాడు దిగినట్టే బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “నిన్ను అనడానికి నోరు రాలేదే,” అన్నాడు జీపుతో. మెకానిక్ టీ అందించాడు. గ్లాసు ఇంకా కొంచెం వణికింది, కొంచెం ఒలికింది. ఆయన పట్టించుకోలేదు. ఒక్క గుక్కలో తాగేశాడు.

కూతురి ఇల్లు ఆ వెనక సందులోనేనట. ఆయన కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని మోచేతుల దాకా సబ్బు రాసుకున్నాడు, గోళ్ళ సందుల్లో మురికి గీకాడు, వాసన చూసుకుని మళ్ళీ రాసుకున్నాడు. నేను వెళ్ళొస్తానని చెబుదామని సంచి భుజాన వేసుకున్నాను.

“జాగ్రత్త బాబాయ్, పిల్లాణ్ణి కూర్చుని ఎత్తుకో!” అని మెకానిక్ అరిచాడు.

ఆయనకు వినబడినట్టు లేదు. బండిలో ఉన్న జీపు తాళం తీసుకోలేదు, పక్కనే ఉన్న నన్నూ చూడలేదు. తడి చేతులు రెండూ ఎక్కడా తగలకుండా ముందుకు పట్టుకుని, గబగబా సందులోకి తిరిగిపోయాడు.