గేటు బాబాయి మీదికి నెట్టిన తప్పు

ఇన్నేళ్లుగా దీన్ని మోస్తూనే ఉన్నాను. నలుగురిలో నవ్వుతూ ఉంటాను, లోపల మాత్రం ఇది ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే మొహం నాకెక్కడిది?

ఫోనులో ఒక ఆట ఉండేది. ఆట అంటున్నాను గానీ నాకు అదే ఊరు, అదే లోకం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో బోగీల కింద దూరి గ్రీజు పూసే హెల్పర్ని నేను, నా మాట వినేవాడు ఒక్కడూ లేడు. ఆటలో నాకు కోట ఉంది, సైన్యం ఉంది, ‘రాజన్నా, ఇప్పుడేం చేద్దాం?’ అని అడిగే జనం ఉన్నారు. ఆ పిలుపు కోసం ఎంత దిగజారానో!

మా గేటు దగ్గర ఒక పద్ధతి ఉండేది. లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్లన్నీ అక్కడ కాపలా ఉండే పెద్దాయనకి, మేమంతా గేటు బాబాయి అని పిలిచే ఆయనకి, ఇచ్చేయాలి. ఇంటి నుంచి ఫోను వస్తే ఆయన ఎత్తడు, కట్ చేస్తాడు. కట్ చేశాడంటే లోపలికి కబురు పంపించాడని, మనిషి బయల్దేరాడని అర్థం. ఇది మా తెలుగు ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు ఆటలో పెద్ద యుద్ధం. కడుపునొప్పి అని బాబాయికి అబద్ధం చెప్పాను. పాపం, గేట్ పాస్ లేకపోయినా ఫోను చేతికిచ్చి వదిలేశాడు. స్టేషన్‌లో వైఫై బాగుంటుందని ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చున్నాను. యుద్ధం మధ్యలో మా అక్క కూతురు ఫోను చేసింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ అక్కే. విసుక్కుని కట్ చేశాను. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి కోట కాలిపోతోంది మరి, నేను ఆర్పాలి! ఆర్పాను కూడా. అందరూ జేజేలు కొట్టారు.

అప్పుడు మా అక్క వంటింట్లో పడిపోయి ఉంది. బావ గూడ్స్ బండిలో డ్యూటీ మీద ఉన్నాడు. ఫోను కట్ అయింది కాబట్టి మావయ్య వచ్చేస్తున్నాడనుకుని, ఆ పిల్ల ఎవరినీ పిలవలేదు. తల్లి తల ఒళ్లో పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. చివరికి పక్క క్వార్టర్ దీదీ ఏడుపు విని, టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్క బతికింది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, మాట సగం పోయింది. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదన్నారు డాక్టరు.

‘‘ఫోను కట్టయినాది గదరా! మరెందుకు రానేదు?’’ అన్నాడు బావ.

‘‘నాకెవులూ సెప్పనేదు బావా.’’

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మర్నాడు సైరన్ మోగి అందరూ బయటికొచ్చే వేళ, బావ గేటు బాబాయి చొక్కా పట్టుకున్నాడు.

‘‘కట్ చేసి కబురెందుకు పంపనేదు, ముసిలోడా?’’

బాబాయి నా వైపు చూశాడు. నన్ను పాస్ లేకుండా వదిలానని చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. నేను తల దించుకున్నాను. ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయానా?

‘‘మర్సిపోనాను బాబూ, తప్పయిపోనాది’’ అన్నాడాయన.

ఆ తర్వాత మావాళ్లెవరూ ఆయన్ని పండక్కీ పెళ్లికీ పిలవలేదు. ఆయన ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఎదురుపడితే నేనే సైకిల్ పక్క సందులోకి తిప్పేస్తాను. ఆట మానేశాను. అయితే ఏం? మానేస్తే అక్క చెయ్యి వస్తుందా?

మొన్న మేనకోడలు ఏదో కోపంలో ‘‘ఆ రోజు నువ్వొచ్చుంటే’’ అంది. అక్క మంచం మీంచే, మాటలు కూడదీసుకుని, దాన్ని కసిరింది.

‘‘ఆడు... పన్లో ఉన్నాడే. ఆడి తప్పేటి?’’

నేను అక్కడుండలేక బయటికొచ్చేశాను. అక్కకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నేను పన్లో లేను. బాబాయి ఏదీ మరిచిపోలేదు. ఆ ఫోను కట్ చేసింది నేనే.