సగం కోసిన వేపమాను

మాను నేలకు పడేదాకా మిషన్ ఆపకూడదని పెద్ద ఈరన్న ఈ ఎండాకాలం ఒక నియమం పెట్టుకున్నాడు. చల్లగా ఉన్నప్పుడు ఆ పాత రంపం మిషన్ తాడు ఒక్కసారి లాగితే చాలు, లేచేది. కోసి కోసి వేడెక్కాక ఆపితే మాత్రం మళ్లీ లేపడం ఎవరి తరమూ కాదు. చల్లారేదాకా నీడన పెట్టి కూర్చోవలసిందే. అందుకే బీడీ ముట్టించినా, నీళ్లు తాగినా దాన్ని అట్లాగే గుర్రుమననిచ్చేవాడు.

బొజ్జన్న ఇంటి ముందర ఆ నియమం తప్పింది.

కోసిగి దగ్గరి పల్లెలో బొజ్జన్నది పాత మట్టిమిద్దె. వాకిలి ముందే ఎండిపోయిన వేపమాను. మొదలు చెదలు తినేసింది. మాను కాస్త ఇంటి మీదికే ఒరిగి ఉంది. గాలివానలు మొదలు కాకముందే కొట్టించాలని బొజ్జన్న ఈరన్నను పిలిపించాడు. లోపల అతని కూతురు మధులత బాలింత. తొలి కాన్పు, ఇంకా పురుటి స్నానం కాలేదు.

"తల్లినీ బిడ్డనూ ఆ పక్కింట్లో కూర్చోబెట్టమ్మా, కోత అయిపోయినంక తెచ్చుకుందురు" అని ఈరన్న ముందే అడిగాడు.

బొజ్జన్న భార్య సుంకమ్మ కొంగు బిగించింది. "పురిటి నీళ్లు పోసుకోకుండా గడప దాటుతాదా? గాలి సోకి బిడ్డ నీలుక్కుంటే నువ్వొచ్చి సూస్తావా? మోకు కట్టినారు గదా, వీధిలోకి లాగండి."

ఆమె లోపలికి పోయి కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, తలుపు దగ్గరికి వేసింది. ఆ మిద్దెకు ఇంకో తలుపు లేదు. ఉన్న ఒక్క వాకిలీ మాను కిందే.

ఈరన్న పెళ్లాం తాయమ్మ ఇదంతా చూస్తూ మోకు ముడి వేస్తోంది. పదిమందిలో నోరు విప్పడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆరో తరగతిలో ఉండగా అమ్మానాన్నలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గి వలస పోతూ ఆమెను వెంట తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి బడిలో అందరూ ముందుకు వెళ్లిపోయారు. ఆమె మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు. మేనమామ ఈరన్నను చేసుకున్నాక కూడా కొన్నేళ్లు సుగ్గి తప్పలేదు. బెంగళూరులో చెట్లు కొట్టే మేస్త్రీ దగ్గర ఈరన్న పనిచేసి, అతను పక్కన పడేసిన ఈ మిషన్ తెచ్చుకున్నాకే ఊళ్లో నిలబడ్డారు. మోకు కట్టడం, కంప లాగడం, పెట్రోలులో నూనె కలపడం, రాత్రి పొట్టు తుడిచి మిషన్‌ను మూలన పెట్టడం తాయమ్మ పని. మాట్లాడని మనిషే గాని చూపు మాత్రం ఊరుకోదు.

మానుకు పైన కట్టిన మోకును వీధి అవతలి రాతిగుంజకు చుట్టారు. కొసను బొజ్జన్న, పక్కింటి నరసన్న పట్టుకున్నారు. ఈరన్న మాను పడాల్సిన వీధి వైపు గాటు పెట్టి చెక్క తీసి, ఇంటి వైపు నుంచి కోత మొదలుపెట్టాడు. రంపం సగం దాకా దిగింది. అప్పుడే తలుపు తెరుచుకుని సుంకమ్మ బయటికి వచ్చింది.

"ఆపప్పా, రవ్వంత ఆపు! ఆ మోతకు బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి బిగబడతాండాది. ఇన్ని పాలు తాగనీ!"

పురిటింటి పెద్దమనిషి చేతులెత్తి అడుగుతుంటే కాదనే మగవాడు ఆ పక్క ఊళ్లలో ఉండడు. ఈరన్న రంపం బయటికి లాగి మీట నొక్కాడు. మిషన్ ఆగింది. ఆగిన తర్వాత అతని ముఖం మారడం తాయమ్మ చూసింది.

పడమటి దిక్కున దుమ్ము లేచింది. గాలి వీధి మీదుగా ఇంటి వైపు తోసింది. మాను లోపల ఎక్కడో 'టిక్కు'మంది. మోకు బిగుసుకుంది.

ఈరన్న తాడు లాగాడు. మళ్లీ లాగాడు. మిషన్ దగ్గలేదు కూడా.

"ఏమప్పా ఈరన్నా, మా ముసలాయన తాగిపారేసిన బీడీ నయం. వేడిగుంటే మళ్లీ అంటుకుంటాది" అన్నాడు నరసన్న.

"ఎకసెక్కాలు ఆపి మోకు పట్టుకో సామీ" అన్నాడు ఈరన్న. పట్టుకున్నవాడి చేతులు అప్పటికే జారుతున్నాయి. నరసన్న మళ్లీ నవ్వలేదు.

ఈరన్న ప్లగ్గు విప్పాడు. పెట్రోలుతో తడిసి ఉంది. పంచెతో తుడిచి బిగించి లాగాడు. మళ్లీ విప్పితే మళ్లీ తడే. తడిగుడ్డ తెచ్చి ఇంజన్ మీద వేశాడు. ఆవిరి లేచింది తప్ప మిషన్ లేవలేదు.

"గొడ్డలేస్తే?" అని అరిచాడు బొజ్జన్న.

"చెదలు తిన్న మాను. దెబ్బ పడితే అదిరి నిలువునా చీలుతాది. యా పక్క పడతాదో సెప్పలేను."

"పాపను బయటికి తెస్తా!" అంటూ లోపలి నుంచి సుంకమ్మ వాకిట్లోకి అడుగు వేసింది.

"మాను కిందికి రావద్దు! లోపల ఆ మూలకు పోండి!" ఈరన్న గొంతు కీచుమంది.

గాలి ఇంకోసారి తోసింది. కోత నోరు మూసుకుపోతూ రంపపు పొట్టు పిండిలా రాలింది. గుంజ మీద మోకు ఒక పురి తెగి పైకి లేచింది.

తాయమ్మ చూపు మిషన్ మీదే ఉంది. తడి ప్లగ్గు. అడగకుండానే పెట్రోలు వచ్చి పడుతోంది, ఎవరో లోపలి నుంచి తోస్తున్నట్టు. వేడి మీద ఇది ఎప్పుడూ లేవలేదా? లేచింది. పోయిన వారం చింతకొమ్మ కోసేటప్పుడు లేచింది. అంతకుముందు తుమ్మల దగ్గరా లేచింది. రెండుసార్లూ అప్పుడే తాను మూత తీసి పెట్రోలు పోసింది. దప్పికైన గొడ్డులాగా తాగి లేచిందనుకుంది. ఇప్పుడు ట్యాంకు నిండుగానే ఉంది కాబట్టి ఎవరూ మూత తీయలేదు.

ఆ మూతతో తాను చేసిన పని అప్పుడు గుర్తుకొచ్చింది. ఎండలు ముదిరిన కొత్తలో ఇంట్లో పెట్రోలు వాసన భరించలేకపోయింది. మూతలో సూదిమొన అంత చిల్లు కనిపించింది. అరిగి పడిన చిల్లు, ఇందులోంచే ఆవిరైపోతోంది అనుకుంది. బిందె కారినా, బకెట్ కారినా లప్పం పెట్టే చెయ్యి ఆమెది. లోపల ట్యూబు ముక్క పెట్టి, లప్పం అద్ది మూసేసింది. వాసన పోయింది. ఈరన్నకు చెప్పాలని కూడా తోచలేదు. ఆవిరి పోను దారి లేక, వేడెక్కినప్పుడల్లా అదే పెట్రోలును ప్లగ్గు మీదికి తోస్తోందని ఇప్పుడు తట్టింది.

ఇంతమందిలో ఎట్లా చెప్పడం? మాను మళ్లీ 'టిక్కు'మంది.

"మామా, మూత తియ్యి."

"నిండుగానే ఉండాది పోవే."

"పెట్రోలుకు కాదు. చిల్లు నేనే మూసినా. తియ్యి!"

ఈరన్న అర్థంకానట్టు చూశాడు. తాయమ్మ ఆగలేదు. మిషన్‌ను అతని చేతుల్లోంచి లాక్కుని మూత తిప్పింది. బుస్సుమని లోపలి గాలి బయటికి తన్నింది. వేడి పెట్రోలు వాసన మొహానికి కొట్టింది. అంత దూరాన నరసన్నకు కూడా ఆ చప్పుడు వినిపించింది.

గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ట్యూబు ముక్క పీకింది. లప్పం రాయిలా పట్టుకుని ఉంది. పిన్నీసు మొన వంగింది. వేలు గీసుకుంది. పెళ్లున లప్పం ఊడి, చిల్లులోంచి వెలుతురు కనిపించింది.

ఈరన్న మూత బిగించి, ప్లగ్గు తుడిచి, మీట వేసి, ఎక్కువ పెట్రోలు ఎగిరిపోవాలని వేగం పెంచే గుర్రం పూర్తిగా నొక్కిపట్టి తాడు లాగాడు. దగ్గింది. లాగాడు. నల్లని పొగ కక్కింది. ఇంకోసారి లాగేసరికి ఊరంతా వినపడేటట్టు లేచింది.

"లాగండి! ఇడిసిపెట్టొద్దండి!"

తాయమ్మ పోయి మోకు కొసన చేరింది. ముగ్గురూ కాళ్లు నేలకు తన్ని వెనక్కి వాలారు. రంపం కోతలోకి దిగింది. మాను ఒక క్షణం ఎటూ తేల్చుకోనట్టు నిలబడింది. తర్వాత మెల్లగా, ఇంటికి వీపు తిప్పి, వీధిలోకి ఒరిగింది. పడినప్పుడు దుమ్ము మిద్దె ఎత్తున లేచింది.

ఈరన్న మిషన్ ఆపాడు. కావాలనే ఆపాడు. కాసేపు చూసి తాడు లాగాడు. మొదటి లాగుకే లేచింది. మళ్లీ ఆపాడు.

"నెల నాళ్లుగా దిష్టి అని నిమ్మకాయలు కట్టినాను దీనికి" అన్నాడు పెళ్లాం వైపు చూడకుండా. "లప్పం పెట్టినావని ఒక మాట సెప్పింటే ఏం పోయె?"

"నువ్వు అడిగింటివా?" అంది తాయమ్మ. అన్న తర్వాత ఆమెకే ఆశ్చర్యమైంది.

సుంకమ్మ గడప దగ్గర కూలబడి ఉంది. ఆమెను దాటుకుని తాయమ్మ కిటికీ దగ్గరికి పోయింది. లోపలి నుంచి ఎవరో చీర గుడ్డ కాస్త పక్కకు జరిపారు. మధులత కళ్లు నిద్రమత్తుగా ఉన్నాయి. బయట ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

"అయిపాయనా అక్కా? యా పక్క పడింది?"

"వీధి పక్కే పడిందిలేమ్మా" అంది తాయమ్మ. "గాలి వస్తాది, గుడ్డ ముయ్యి."

ఆమె తిరిగి వచ్చి, వంగి కంప ఏరడం మొదలుపెట్టింది.