గంటలో తెరిపి

తన మనవరాలు యోగిత పెళ్ళి మర్నాటి భోజనాల దగ్గర భీమారావు గెలిచిన గొడవను అన్నపూర్ణమ్మ కళ్ళారా చూసింది.

అవతలి పక్షం జనార్ధనరావు. పెళ్ళికొడుకు మేనమామ. సైన్స్ పార్క్‌లో పెద్ద ఉద్యోగం. ఆఫీసు కార్డు మెళ్ళో వేసుకునే పెళ్ళికి వచ్చిన మనిషి. సెంబవాంగ్‌లో అన్నపూర్ణమ్మ వాళ్ళ ఫ్లాట్ల పక్క పచ్చిక మీద టెంటు వేసి, రెండొందల మందికి వంట దింపుతున్న వేళకి వాన విరుచుకు పడింది. జనార్ధనరావు ఫోను పైకెత్తి, "వాన మ్యాప్ అంతా ఎర్రగా ఉంది. సాయంత్రం దాకా తగ్గదు. అన్నీ డబ్బాల్లో పెట్టి పంపించేయండి" అని ఆజ్ఞ వేశాడు.

భీమారావు వంటవాళ్ళకి అడ్డం నిలబడ్డాడు. అసలే పొట్టి, పైగా తడిసి ముద్దయ్యాడు.

"ఆగండి సార్. గంటలో తెరిపిచ్చేస్తాది."

"మీరేమైనా వాతావరణ శాఖా అంకుల్?"

"కాదు బాబూ. నలభై ఏళ్ళు షిప్‌యార్డులో క్రేను కింద నిలబడి చేతులూపినోణ్ణి. ఉరిమితే ఆపించీవోణ్ణి, తెరిపిస్తే లేపించీవోణ్ణి. నీ ఫోను ఎప్పుడైనా వానలో తడిసిందేటి?"

"తగ్గకపోతే?"

"ఆ రెండొందల డబ్బాలూ నేనే కడతాను. తగ్గితే మాత్రం రెండో పంక్తికి సాంబారు నువ్వే వడ్డించాల."

యాభై నిమిషాలకి వాన నిలిచింది. జనార్ధనరావు బకెట్టు పట్టుకుని వంగినప్పుడల్లా మెళ్ళో కార్డు సాంబారులో మునిగి లేచింది. మగపెళ్ళివారి మర్యాద సంగతి ఏమైతేనేం, అన్నపూర్ణమ్మ కుర్చీలోంచి జారేటంతగా నవ్వింది.

భీమారావు ఆమెకి చుట్టం కాదు. ఒకే బ్లాకు, ఒకే అంతస్తు, మూడు తలుపుల అవతల. అతని తాత వైజాగు వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి, నేవీ స్థావరంలో కూలికి వచ్చాడు. భీమారావు ఇక్కడే ఆ కూలీల ఇళ్ళలో పుట్టాడు. తెలుగు తల్లి నేర్పింది, మలయ్ వీధి నేర్పింది, ఆకాశాన్ని షిప్‌యార్డు నేర్పింది. ఆ అంతస్తులో ఆడవాళ్ళు బట్టలు ఆరేసే కర్ర వంటింటి కిటికీలోంచి బయటికి పెట్టే ముందు అతన్ని అడిగేవాళ్ళు. ఎంత కుండపోత అయినా అతని జవాబు ఒక్కటే, గంట ఆగమనేవాడు. ఈ ఊళ్ళో అది తప్పింది తక్కువ. ఇక్కడి వాన వచ్చి, ఏడ్చి, పోతుంది.

అతనికీ భార్య భానుమతికీ ఒక్కతే కూతురు, నిఖిల. మొక్కల మీద పరిశోధన. ఆరేళ్ళుగా ప్రతి వసంతంలో లడఖ్ వెళ్ళేది. వాన పడని, చెట్టు మొలవని కొండ ఎడారి అది.

"చెట్లే లేని చోట నీకు చెట్ల చదువేమిటే?" అని అన్నపూర్ణమ్మ ఒకసారి కడిగేసింది.

"ఇక్కడ ఏదైనా బతుకుతుంది, ఆంటీ. అక్కడ బతికినదాన్ని చూడాలి" అంది నిఖిల, ఆవిడ చేసిన కాకరకాయ వేపుడు నిలబడే తింటూ.

కూతురు వెళ్ళిన దగ్గర్నుంచి భీమారావుకి రెండు ఆకాశాలయ్యాయి. పొద్దున్నే లిఫ్టు పక్క బెంచీ మీద కూర్చుని, ఫోనులో లడఖ్ వాతావరణం పైకి చదివేవాడు. మైనస్ ఎనిమిది, పడమటి గాలి, ఎత్తుల మీద మంచు. మార్కెట్టుకి వెళ్ళే ఆడవాళ్ళు సంచులు దించి వినేవారు. చలికాలమంటే ఏమిటో తెలియని ఆ అంతస్తుకి, ఎన్నడూ చూడని ఒక ఊరి చలి కంఠతా వచ్చింది.

మొన్న ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక సోమవారం ఫోను వచ్చింది. శనివారం కొండ కనుమ దాటబోయిన జీపు మంచులో కూరుకుపోయింది. నిఖిలా పోయింది, జీపు నడిపిన నోర్బు కూడా పోయాడు.

నాలుగో రోజున భానుమతి తిట్లు మొదలుపెట్టింది. "ఆ డ్రైవరు చేతులు పడిపోను. దారి తెలిసినోడు కాడూ? పొట్టన పెట్టుకున్నాడే నా పిల్లని." ఆ తిట్టు దీపం పెట్టినప్పుడల్లా, విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా సాగింది. పక్కన కూర్చున్న అన్నపూర్ణమ్మ ఊరుకుందా? తన నోరు తనకి అలంకారం అనుకునే మనిషి. "తాగుంటాడు, ఇంకేముంది" అంది. ఎవరూ చెప్పలేదు, ఆవిడకి తోచింది. వారం తిరిగేసరికి నోర్బు తాగి నడిపాడన్నది ఆ అంతస్తంతటా నిజమైపోయింది.

తిట్లు మొదలైతే భీమారావు లేచి గుమ్మం బయటికి పోయేవాడు. బట్టలు ఆరెయ్యమంటావా అని ఎవరైనా అడిగితే తెలీదనేవాడు.

ఆగస్టులో లడఖ్ నుంచి ఒక పొట్లం వచ్చింది. నోర్బు పెళ్ళాం పంపింది. నిఖిల వాళ్ళింట్లో మరిచిపోయిన ఊలు టోపీ, ఒక సంచీడు ఎండబెట్టిన పళ్ళు, బడికెళ్ళే పిల్లచేత ఇంగ్లీషులో రాయించిన చీటీ ఉన్నాయి. అన్నపూర్ణమ్మకి సంతకం చెయ్యడమే వచ్చు. భానుమతి ఆపాటి కూడా చదువుకోలేదు. భీమారావే చదివి తెలుగులో చెప్పాడు.

"మీ అమ్మాయి ఆరేళ్ళు మా ఇంట్లో టీ తాగింది. మా ఆయన ఆ దారిలో పుట్టిన మనిషి. ఆ రోజు ఎందుకు వెళ్ళాడో నాకు తెలియడం లేదు. తప్పు ఆయనదే అంటున్నారు. అయితే మీరు క్షమించండి."

భానుమతి టోపీ తీసి గుండెకి హత్తుకుంది. పళ్ళ సంచీ, చీటీ పట్టుకెళ్ళి వంటింట్లో చెత్త గొట్టం మూత తీసి అందులో పడేసింది. పది అంతస్తులు జారి అవి కింద పడిన చప్పుడు ముగ్గురికీ వినపడింది. "మంచి పని చేశావు" అంది అన్నపూర్ణమ్మ.

ఆ సాయంత్రం భీమారావు ఆవిడ ఇంటికి వచ్చాడు. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"అక్కా, ఆడు తాగలేదు."

"నీకెలా తెలుసు?"

"అమ్మాయి నాకు ఫోను చేసింది. కనుమ కింద టీకొట్టు దగ్గర్నుంచి. మంచు పడతంది డాడ్, నోర్బు వెనక్కి పోదామంటన్నాడు, ఏం చెయ్యమంటావు అంది." అతను ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. "శుక్రవారం నాటి వాతావరణం కబురిది, దాచుకున్నాను. శనివారం ఈదురుగాలి, ఎత్తుల మీద మంచు, మధ్యాన్నం కాసేపు తెరిపి, మళ్ళీ భారీగా మంచు, ప్రయాణాలు మానుకోండి అని ఉంది. చదివానక్కా. మొత్తం చదివాను. చదివి కూడా నా తెరిపే పట్టుకున్నాను. గంట ఆగండి, తెరిపిస్తాది, అప్పుడు ఎక్కీయండి అన్నాను."

అన్నపూర్ణమ్మ ఫోను అందుకుని, తనకి చదవరాని ఆ అక్షరాలనే చూసింది.

"గంటకి మళ్ళీ చేసింది. నువ్వు చెప్పినట్టే తెరిపిచ్చింది డాడ్, నోర్బు ఇంకా వద్దనే అంటన్నాడు, నేనే ఒప్పించాను అంది. నవ్విందక్కా. మా నాన్న మాట తప్పదని ఆడితో చెప్పిందంట."

కింద బస్సు ఆగి, కదిలి వెళ్ళింది.

"భానుమతికి చెప్పావా?" అంది అన్నపూర్ణమ్మ.

"నాలుగు నెలల్నుంచి చెప్పబోతన్నాను. నోరు తెరిచేసరికి అన్నం తిను అంటాది. దానికి తిట్టుకోడానికి మిగిలింది ఆడొక్కడే. ఆడూ పోతే ఇంట్లో నేనే గదా ఉన్నది."

"అయితే అలాగే ఉండనీ. పోయినవాడికి తిట్లు తగుల్తాయా?"

"ఆడి పెళ్ళాం నన్ను క్షమాపణ అడిగింది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాగుంటాడు అన్న మాట ఎవరిదో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. భీమారావు ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే ఆవిడకి కాస్త ఊపిరాడేది.

"అది ఎవరి మాటా వినదు, నీ మాట వింటాది" అన్నాడు. "రేపు పొద్దున్న మా ఇంటికి రా. తాగుడు అబద్ధమని చెప్పు. పంపింది నేనేనని చెప్పు. నేను పక్కనే కూచుంటాను. మధ్యలో లేచి బయటికి పోబోతే నన్ను చెయ్యి పట్టి కూచోబెట్టక్కా."