వలదారం మీద పెద్ద ముడులు

నా చిన్నప్పుడు, అమ్మ తలనొప్పితో పడుకున్న ఒక మధ్యాహ్నం, భావనపాడులోని మా ఇంట్లో ఉన్నవాళ్ళం ముగ్గురం: అమ్మ, మా తాతయ్య, నేను. ఉన్న వస్తువులు: కిటికీకి అడ్డంగా కట్టిన దుప్పటి, నీళ్ళ చెంబు, ఖాళీ చేపల గంప, టెక్కలిలో డాక్టరమ్మ రాసిచ్చిన గోలీల షీటు, బడ్డీకొట్టులో నేను కొని తెచ్చిన నొప్పి గోలీలు, తాతయ్య చేతిలో మూరెడు వలదారం. నాన్న లేడు. ఆ ఏడు కూడా పడమటి తీరాన వేరావల్‌లో చేపల బోటు మీద ఉన్నాడు.

అమ్మకు వచ్చేది మామూలు తలనొప్పి కాదు. ముందు ఎడమ కంటి మీద మెరుపుల్లాంటివి కదిలేవి, తర్వాత తలలో సగం పగిలిపోతున్నట్టు ఉండేది, వెలుతురు చూస్తే వాంతి అయ్యేది. డాక్టరమ్మ ఆ షీటు ఇస్తూ, నొప్పి మొదలైన వెంటనే వేసుకోమని చెప్పింది. అమ్మ మాత్రం అలా వేసుకునేది కాదు. నొప్పి సాధారణంగా పొద్దున్నే, ఒడ్డున జరిగే చేపల వేలంపాటకు బయల్దేరే వేళకు మొదలయ్యేది. ఆ గోలీ వేసుకుంటే దారిలో నిద్ర ముంచుకొచ్చి గంప పడేస్తానని ఆమె భయం. అందుకని పాటకు వెళ్ళే ముందు నన్ను కొట్టుకు పంపేది. కొట్టు గోలీతో నొప్పిని అణిచిపెట్టి, ఊళ్ళు తిరిగి, సరుకంతా అమ్మి, ఇంటికొచ్చాక డాక్టరమ్మ గోలీ వేసుకునేది. అప్పటికి అది పని చేసేది కాదు.

కొన్ని నెలలకు నొప్పి రాని రోజే అరుదైపోయింది. అమ్మ తన వాడుక ఇళ్ళ గురించి దిగులు పడేది. ఆమె కోసం చూసే ఇళ్ళు ముప్పై దాకా ఉండేవి. వరసగా నాలుగు రోజులు వెళ్ళకపోతే ఇంకో గంప ఆ గుమ్మాల్లో దిగుతుంది. మళ్ళీ ఆ ఇళ్ళు దక్కవు.

నాకు అప్పటికే ఒక నోటుబుక్కు ఉండేది. ఏ రోజు ఎన్ని తెప్పలు ఒడ్డుకొచ్చాయో, ఏ చేప ఎంతకు పాట పలికిందో వరసగా రాసేవాడిని. కొట్టుకు ఎన్నిసార్లు పరుగెత్తానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. రాయదగ్గ విషయమని తోచనే లేదు.

తాతయ్యకు చదువు రాదు. ఆ మధ్యాహ్నం ఆయన వచ్చి అమ్మ పక్కన కూర్చుని, దారం ఆమె చేతిలో పెట్టాడు.

"కళ్ళు తెరవకలే అమ్మీ. సేత్తోనే సూడు."

"ఇదేటయ్యా?"

"రోజుకో ముడి. నువ్వు గోలీ ఏసుకోని రోజు సిన్నది, ఏసుకున్న రోజు పెద్దది. కొట్టుదైనా, డాక్టరమ్మదైనా."

అమ్మ కళ్ళు మూసుకునే వేళ్ళు జరుపుకుంటూ పోయింది. మొత్తం ముప్పై ముడులు. పెద్ద ముడి తగిలిన ప్రతిసారీ ఆమె పెదవులు కదిలాయి. చివరికొచ్చాక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"పందొమ్మిది. ఇన్ని రోజులు నానేసుకోలేదయ్యా."

"గుంటణ్ణి అడుగు. కొట్టుకాడికి ఎల్లినోడు ఆడే కదా."

నేను తల దించుకున్నాను. తాతయ్య నన్నూ ఏమీ అనలేదు, అమ్మనూ అనలేదు. వల చిరుగు చూపించినట్టు చూపించి ఊరుకున్నాడు.

మర్నాడు టెక్కలి వెళ్ళాం. డాక్టరమ్మ ఆ దారాన్ని టేబుల్ మీద పరిచి, నా చేత కూడా లెక్కపెట్టించింది. తర్వాత అమ్మకు నెమ్మదిగా చెప్పింది. నొప్పికని వేసుకున్న గోలీలే ఇప్పుడు రోజూ నొప్పి తెస్తున్నాయట. కొట్టు గోలీలు ఆపేయాలి. ఆపిన మొదట్లో నొప్పి ఎక్కువవుతుంది, భయపడొద్దు, మరీ తట్టుకోలేకపోతే తన దగ్గరికే రావాలి. రాసిచ్చిన గోలీ నొప్పి మొదట్లోనే వేసుకోవాలి. తగ్గి మళ్ళీ వస్తే, రెండు గంటలు ఆగి ఇంకొకటి. రోజుకు రెండు దాటకూడదు. వారంలో రెండు రోజులు దాటకూడదు. పక్కింటి పెద్దమ్మకు ఒకసారి సగం గోలీ ఇచ్చానని అమ్మ చెప్పగానే ఆవిడ ముఖం మారింది. పెద్దమ్మకు గుండె జబ్బు ఉంది. ఆ గోలీ రక్తనాళాలను బిగిస్తుందనీ, అలాంటివాళ్ళకు ప్రాణం మీదకు వస్తుందనీ అప్పుడే తెలిసింది. వచ్చిన చేపను పదిళ్ళకు పంచుకునే వాడలో, గోలీని పంచకూడదన్న మాట అమ్మకు కొత్త.

మానేసిన మొదటి పది రోజులు చాలా కష్టంగా గడిచాయి. అమ్మ గోడకు తల ఆనించి, నన్ను కొట్టుకు వెళ్ళమని బతిమాలింది. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను గాని వెళ్ళలేదు.

ఆ పది రోజులూ తాతయ్య గంప ఎత్తుకున్నాడు. మా వాడలో మగవాళ్ళు వల లాగుతారు, తెప్ప తోస్తారు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరగడం ఆడవాళ్ళ పని. మొదటి రోజు ఆయన గంప కోసం తల మీద గుడ్డ కుదురు పెట్టుకుని పాటకు రాగానే ఒడ్డంతా నవ్వింది.

"ఏటి మావా, సీర కూడా కట్టీసుకుంటావేటి?" అంది ఒకామె.

"సీర ఇంటికాడ మరిసిపోనాను. నీదిచ్చెయ్యి."

ఆమె మరింత నవ్వి, పాటలో తనకు దక్కిన మంచి చేపలు నాలుగు ఆయన గంపలో వేసింది. వాడుక ఇళ్ళకు దారి చెబుతూ నేను ఆయన వెనక నడిచాను. ఒక్క ఇల్లూ పోలేదు. పదకొండో రోజున అమ్మ లేచి, గంప తనే ఎత్తుకుంది. ఈసారి కొంగు చివర ఒక గోలీ ముడేసుకుని వెళ్ళింది. నొప్పి మొదలైతే ఏదో ఒక అరుగు మీద వేసుకుని, కాసేపు కూర్చుని లేచేది. నిద్ర రాలేదు, గంప పడలేదు.

నేను ఎచ్చెర్లలో ఇంజనీరింగ్ చదువుతుండగా, ఒక పరీక్ష హాల్లో నా ఎడమ కంటి మీద కూడా ఆ మెరుపులు కదిలాయి. అమ్మ నొప్పి నాకు వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాకు తగిన గోలీలు నాకే రాయించుకున్నాను. ఇప్పుడు నెల్లిమర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెషీన్ల మెయింటెనెన్స్ చూస్తున్నాను. ప్రతి మెషీనుకూ ఒక లాగ్‌బుక్కు ఉంది. నా తలకు మాత్రం పుస్తకం లేదు. ఫోనులో రాసుకోవచ్చు గాని, నొప్పి వచ్చిన గంటలో ఆ వెలుతురు చూడలేను. అందుకే బ్యాగులో గోలీల షీటు పక్కన మూరెడు వలదారం ఉంటుంది. చీకట్లో కళ్ళు మూసుకుని, ఈ వారం ఇంకో గోలీ వేసుకోవచ్చో లేదో వేళ్ళతో చదువుకుంటాను. పెద్ద ముడి తగిలినప్పుడల్లా, నెత్తి మీద గంపతో ముందుకు నడుస్తున్న తాతయ్య వీపు కనిపిస్తుంది.

ఈ నెల ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. పెద్ద ముడులు మూడు.