ఉప్పులేని నీళ్ళు

మా వర్తూరులో పక్కింటి అబ్బాయి నేవీలో చేరాడు. సెలవుకు వస్తే, పెట్టె గుమ్మంలో పడేసి చెరువుకు పరుగెత్తేవాడు. మోకాలి లోతులో నిలబడి దోసెడు నీళ్ళు తాగి, గట్టుమీదున్న నన్ను చూసి కేకేసేవాడు: “ఉప్పే లేదప్పా! అంత సముద్రముండాది, గుక్కెడు తాగేదానికి పనికిరాదు!”

“అయితే ఇక్కడే ఉండి బర్రెల్ని కడుగు పో,” అనేవాణ్ణి. పడీ పడీ నవ్వేవాడు.

యుద్ధంలో ఓడతో పాటే మునిగిపోయాడు. శవం దొరకలేదు. సమాధుల పండుగనాడు అందరూ తమవాళ్ళ గోరీలకు సున్నం కొట్టి పూలు పెడితే, గోరీ లేని కొడుక్కి వాళ్ళమ్మ చెరువులో పూలు వదిలేది. ఆమె పోయాక వాడి చెల్లెలు వదులుతోంది. మోకాళ్ళ నొప్పులని ఈ ఏడు నన్ను తోడు పిలిచింది.

చెరువంతా తెల్లటి నురుగు. ముక్కులు పగిలే కంపు. చుట్టూ మేడలు కట్టి, మురుగంతా ఇందులోకే వదిలి, పైగా ఆ మేడలకు చెరువు పేరే పెట్టుకున్న ఘనులం మనం! తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

“పూలు యాడ వదిలేదప్పా?” అంది.

సముద్రంలో పోయినవాడికి సొంత ఊళ్ళో దోసెడు నీళ్ళు మిగల్చలేకపోయాం.

ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్ళు అందులో పోసి, బంతిపూలు వేసి, గట్టుమీద పెట్టింది.

“ఉప్పు లేదులేన్నా, తాగు,” అంది చెరువు వైపు చూస్తూ.

నేను ముక్కుమీది తువ్వాలు తీసేశాను.